చూసిందే రాయండి: విజ్ఞానశాస్త్ర ప్రగతి పత్రాల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే విషయం గురించి ఉన్నాయి. పరీక్షలు ముగిశాయి, పేపర్లు దిద్దడం అయిపోయింది, ఇక ప్రగతి పత్రంలో ప్రతి విద్యార్థి పేరు ఎదుట ఉన్న రెండు గీతల ఖాళీలో ఏం రాయాలన్నదే ఉపాధ్యాయులను వేధిస్తున్న ప్రశ్న. ఒక తల్లి కూడా ఉత్తరం రాశారు. అందుకే మిగిలిన ప్రశ్నలను పై నెలకు ఉంచి, విజ్ఞానశాస్త్రం బోధించేవారు రాసే వ్యాఖ్యల గురించే ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. అడిగినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను విజ్ఞానశాస్త్రం బోధించడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు నలభై మంది. ప్రగతి పత్రాలు ఇవ్వవలసిన వారం వచ్చేసరికి ‘బాగా చదువుతున్నాడు’, ‘ఇంకా కృషి చేయాలి’, ‘ఆసక్తి పెంచుకోవాలి’ అనే మూడు వాక్యాలనే మార్చి మార్చి రాస్తున్నాను. అవి దేనికీ పనికిరావని రాస్తున్నప్పుడే అనిపిస్తోంది. వాటి బదులు ఏం రాయాలి? నూట అరవై మందికి విడివిడిగా రాయడం అసలు సాధ్యమేనా?

జవాబు: అమ్మా, పనికిరావని మీకే అనిపించిందంటే సగం దారి నడిచినట్టే. అవి ఎందుకు పనికిరావో ముందు చూద్దాం. ఎనభై ఐదు మార్కుల పక్కన ‘బాగా చదువుతోంది’ అని రాస్తే అంకెలో ఉన్నదాన్నే అక్షరాలలో మరోసారి రాసినట్టవుతుంది. ‘ఇంకా కృషి చేయాలి’ అన్న మాటను ఈ కార్డు నుంచి తీసి ఆ కార్డులో అతికించినా ఎవరూ తేడా కనిపెట్టలేరు. మీరు రాసిన వ్యాఖ్యను పేరు మూసి, ఆ తరగతికే పాఠం చెప్పే మరొక ఉపాధ్యాయుడికి చూపించండి. అది ఎవరి గురించో ఆయన చెప్పగలిగితే ఆ వ్యాఖ్య నిలబడుతుంది.

మనం చిన్న తరగతుల నుంచే పిల్లలకు పరిశీలన వేరు, నిర్ధారణ వేరు అని నేర్పుతాం. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు పాత్ర బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోవడం పరిశీలన. లోపలి ఆక్సిజన్ అంతా అయిపోయిందనడం నిర్ధారణ. పైగా అది సరైన నిర్ధారణ కూడా కాదు, ఎందుకంటే మంట ఆరిన తరువాత కూడా ఆ పాత్రలో ఆక్సిజన్ చాలా వరకు మిగిలే ఉంటుంది. పిల్లలకు ఇంత జాగ్రత్తగా చెప్పే మనమే ప్రగతి పత్రం ముందు కూర్చోగానే ఆ తేడాను మరిచిపోతున్నాం. ‘తెలివైనది’, ‘చురుకైనవాడు’, ‘అశ్రద్ధ ఎక్కువ’, ‘ఆసక్తి లేదు’ అన్నవన్నీ నిర్ధారణలే. వాటి వెనుక మనం కళ్ళారా చూసిన సంగతి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ చూసిన సంగతినే కాగితం మీద పెట్టమని నేను చెబుతాను.

ఉదాహరణకు ‘తెలివైనది’ అని రాయబోయిన చోట ఇలా రాయవచ్చు: ‘లోలకం ప్రయోగంలో ఒక్క డోలనం కాలాన్ని కొలిస్తే పొరపాటు ఎక్కువగా వస్తుందని తానే గ్రహించి, ఇరవై డోలనాల కాలాన్ని కొలిచి ఇరవైతో భాగించింది. పొడవును రెట్టింపు చేసినా కాలం రెట్టింపు కాలేదని గమనించింది. ఎందుకు కాలేదో గ్రాఫు గీసి చూడడం వచ్చే టర్ములో చేయవలసిన పని.’ అలాగే ‘అశ్రద్ధ ఎక్కువ’ అన్న చోట: ‘కొలతలు సరిగానే తీసుకుంటున్నాడు. అయితే ఆరు ప్రయోగాలలో నాలుగింటి పట్టికలలో ప్రమాణాలు లేవు, అంకెలు సెంటీమీటర్లలో ఉన్నాయో మిల్లీమీటర్లలో ఉన్నాయో తెలియలేదు. పట్టిక గీయగానే, అంకె వేయడానికి ముందే, నిలువు వరుస పైన ప్రమాణం రాసుకోవాలి.’ రెండవ వ్యాఖ్య చదివిన పిల్లవాడికి తాను ఏం చేయాలో తెలుస్తుంది, తనకు కొలవడం వచ్చునని ఉపాధ్యాయుడు చూశాడన్నదీ తెలుస్తుంది. ‘అశ్రద్ధ’ అన్న ఒక్క మాటలో ఈ రెండూ లేవు.

మొత్తం మీద వ్యాఖ్యలో మీరు చూసినది ఒకటి, విద్యార్థి చేయవలసినది ఒకటి ఉంటే చాలు. చేయవలసిన పనులు నాలుగు చెబితే పిల్లలు ఒక్కటీ మొదలుపెట్టరని నా అనుభవం. ఆ ఒక్క పని కూడా మరుసటి ప్రయోగ తరగతిలోనే మొదలుపెట్టగలిగేలా ఉండాలి. ‘భావనలపై పట్టు సాధించాలి’ అన్నది ఒక పని కాదు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేస్తే పట్టు చిక్కుతుందో అందులో లేదు.

ఇక సమయం సంగతి. ఒక్కొక్కరికి మూడు నిమిషాల చొప్పున నూట అరవై మందికి ఎనిమిది గంటలు పడుతుంది. అది భారమే కాని అసాధ్యం కాదు. ఆ మూడు నిమిషాలలో రాయడానికి మన దగ్గర సరుకు లేకపోవడమే అసలు చిక్కు, ఎందుకంటే నూట అరవై మంది చేసిన పనులు ఆ వారంలో కూర్చుని గుర్తు తెచ్చుకోవడం ఎవరికీ చేతకాదు. అందుకని సరుకును టర్ము పొడవునా కూడబెట్టుకోవాలి. ప్రతి ప్రయోగ తరగతికీ ముందు ఐదుగురి పేర్లు ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, ఆ రోజు ఆ ఐదుగురిని ప్రత్యేకంగా చూడండి. ఎనిమిది తరగతులలో నలభై మంది పూర్తవుతారు. రాసుకునేది నాలుగైదు మాటలకు మించనక్కరలేదు: ‘తుల సున్నా దగ్గర ఉందో లేదో చూసుకుంది’, ‘గ్రాఫు అక్షాలు తారుమారు’, ‘లిట్మస్ రంగు మారకపోతే మళ్ళీ చేశాడు’, ‘పక్క జట్టు ఫలితం చూసి తనది మార్చుకున్నాడు’. టర్ము చివర ఈ పుస్తకం తెరిస్తే వ్యాఖ్యలు వాటంతట అవే వస్తాయి. ఈ పద్ధతిలో ఇంకొక మేలుంది. మనం మామూలుగా చూసేది బాగా మాట్లాడే ఐదుగురినీ బాగా అల్లరి చేసే ఐదుగురినీ మాత్రమే. మధ్యలో నిశ్శబ్దంగా కూర్చునే ముప్పై మంది మీద కన్ను పడాలంటే ఇటువంటి వరుస ఒకటి పెట్టుకోక తప్పదు.

ప్రశ్న: లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగంలో మా పిల్లలు చాలామంది ఫలితం సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టే 9.8 (మీటర్లు/సెకను²) అని రాసుకొచ్చారు. ఒక అమ్మాయి మాత్రం 9.5 అని రాసి, ‘మూడుసార్లు చేసినా ఇంతే వస్తోంది’ అని కింద రాసింది. దారం పొడవు 48.5 సెంటీమీటర్లు, ఇరవై డోలనాలకు 28.4 సెకన్లు అని ఆమె పట్టికలో ఉంది. మేము వాడిన గోళం వ్యాసం మూడు సెంటీమీటర్లు. మార్కులు మాత్రం 9.8 రాసినవారికే ఎక్కువ వచ్చాయి. వ్యాఖ్యలో ఈ తేడాను ఎలా చూపాలి?

జవాబు: పట్టికలోని అంకెలు కూడా పంపడం చాలా మంచిదయింది, ఎందుకంటే సమాధానం వాటిలోనే ఉంది. ఇరవై డోలనాలకు 28.4 సెకన్లంటే ఒక డోలనానికి 1.42 సెకన్లు. పొడవు 48.5 సెంటీమీటర్లుగా తీసుకుని లెక్కిస్తే త్వరణం 9.5 వస్తుంది, ఆ అమ్మాయి లెక్కలో తప్పు లేదు. అయితే లోలకం పొడవును వేలాడదీసిన చోటు నుంచి గోళం మధ్య బిందువు వరకు కొలవాలి. ఆమె దారం పొడవును మాత్రమే కొలిచింది. గోళం వ్యాసార్ధం ఒకటిన్నర సెంటీమీటరు కలిపితే పొడవు 50 సెంటీమీటర్లవుతుంది, అప్పుడు అవే 28.4 సెకన్లతో త్వరణం 9.79 వస్తుంది. గడియారం చూడడంలో, డోలనాలు లెక్కపెట్టడంలో ఆ అమ్మాయి ఎంత నిఖార్సుగా పని చేసిందో ఆలోచించండి. తప్పు ఎక్కడుందో మనం ఇంత తేలికగా పట్టుకోగలిగామంటే ఆమె తన అంకెలను దిద్దకుండా ఉంచడం వల్లనే.

ఆమె కార్డులో నేనైతే ఇలా రాస్తాను: ‘పుస్తకంలో ఉన్న విలువ రాకపోయినా తనకు వచ్చిన విలువనే రాసి, మూడుసార్లు చేసి చూసి, ఆ సంగతి రికార్డులో పేర్కొంది. విజ్ఞానశాస్త్రంలో నేను అన్నిటికంటే విలువ ఇచ్చే గుణం ఇది. పొడవును గోళం మధ్య వరకు కొలిచి మళ్ళీ లెక్క వేస్తే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.’ మార్కును మీరు మార్చగలిగితే మార్చండి. మార్చలేకపోతే ఈ వ్యాఖ్య ఇంకా అవసరం, ఎందుకంటే ఆ అమ్మాయికి ఆ కార్డులో న్యాయం జరిగే చోటు అదొక్కటే.

మిగిలినవారి విషయంలో తొందరపడవద్దు. ‘చూసి రాశాడు’ అన్నది నిర్ధారణ, అదీ చాలా బరువైన నిర్ధారణ. వారి పట్టికలలోని పొడవు, కాలం తీసుకుని మీరే లెక్క వేయండి. కొందరికి నిజంగానే 9.8 వచ్చి ఉండవచ్చు. అంకెల ప్రకారం 9.2 రావలసి ఉండగా ఫలితం దగ్గర 9.8 అని ఉంటే, ముందు ఆ పిల్లవాడిని విడిగా పిలిచి అడగండి, తరువాత కార్డులో ‘పట్టికలోని విలువలకూ చివరి ఫలితానికీ పొంతన లేదు, వచ్చిన విలువనే రాసి, తేడాకు కారణం వెతకాలి’ అని మాత్రమే రాయండి. ఆ వాక్యం ఎవరు చదివినా సరిచూసుకోవచ్చు.

పిల్లలు ఇలా అంకెలు దిద్దడానికి మనం రాసే పొగడ్తలు కూడా కొంత కారణం అవుతాయి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, కొందరు పిల్లలను ‘నీకు తెలివి ఉంది’ అనీ, మరికొందరిని ‘నువ్వు శ్రమపడ్డావు’ అనీ మెచ్చుకున్నారు. తరువాత కష్టమైన సమస్యలు ఇచ్చి, తమకు ఎన్ని వచ్చాయో వేరొక బడి పిల్లలకు రాసి చెప్పమన్నప్పుడు, తెలివిని మెచ్చుకోగా విన్న పిల్లలలోనే ఎక్కువమంది తమ మార్కులను పెంచి రాశారు. తెలివి గలవాడన్న పేరు వచ్చాక తక్కువ అంకె చూపించడం వారికి కష్టమైంది. 9.5ను 9.8గా దిద్దే చేతి వెనుక కూడా ఇటువంటి భయమే ఉంటుందని నేను నమ్ముతాను.

ప్రశ్న: చాలా తక్కువ మార్కులు వచ్చిన పిల్లల గురించి నిజం రాస్తే మనసు నొచ్చుకుంటారు, తియ్యగా రాస్తే అబద్ధం అవుతుంది. ఎలా రాయాలి?

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేను చేసిన ఒక తప్పును చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విద్యార్థి కార్డులో ‘పరిశీలనలో బొత్తిగా శ్రద్ధ లేదు’ అని రాశాను. కొలజాడీలో నీటి మట్టం చూసి రాయమంటే అతని అంకె ఎప్పుడూ రెండు మూడు గీతలు అటో ఇటో ఉండేది. కొన్ని నెలల తరువాత అతను కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు జాడీని కంటి మట్టానికి ఎత్తి పట్టుకుని, నీటి ఉపరితలం అడుగు భాగం ఏ గీత దగ్గర ఉందో చూసి, సరిగ్గా చెప్పాడు. అంతకు ముందు అతనికి ఆ గీతలు కనిపించనే లేదు. ‘కొలజాడీ విలువలు తరచుగా రెండు మూడు గీతల తేడాతో ఉంటున్నాయి’ అని నేను చూసింది చూసినట్టు రాసి ఉంటే, ఆ ఇంట్లో ఎవరైనా కళ్ళ గురించి ఆలోచించి ఉండేవారు. నా నిర్ధారణ ఆ దారిని మూసేసింది. ఆ కార్డు ఇంటికి వెళ్ళిన తరువాత అతను ఏం విన్నాడో నేను ఎప్పుడూ అడగలేకపోయాను.

కాబట్టి తక్కువ మార్కులు వచ్చినవారి విషయంలోనే పరిశీలనకు మరింత గట్టిగా కట్టుబడాలి. నిజం రాయడమంటే తీర్పు రాయడం కాదు. ‘రసాయన సమీకరణాలను తుల్యం చేయడం ఇంకా రాలేదు, రెండు వైపులా పరమాణువులను విడిగా లెక్కపెట్టి పక్కన రాసుకుంటే ఎక్కడ తేడా ఉందో కనిపిస్తుంది. గత నెలలో ఈ విధంగా చేసిన రెండు సమీకరణాలు సరిగా వచ్చాయి’ అన్నది పూర్తిగా నిజం. రానిదాన్ని రాలేదనే చెప్పింది, వచ్చినదాన్నీ దాచలేదు. వచ్చినది ఏదీ దొరకదని మాత్రం అనకండి. పరికరాన్ని జాగ్రత్తగా తిరిగి పెట్టడం, అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పడం, జట్టులో వెనకబడినవాడికి పట్టిక గీసి ఇవ్వడం కూడా ప్రయోగశాలలో జరిగే పనులే. అయితే లేనిది కల్పించి రాయవద్దు, పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు.

భవిష్యత్తు గురించి ఏమీ రాయకండి. 1949లో ఇంగ్లాండులో జాన్ గర్డన్ అనే విద్యార్థి జీవశాస్త్రంలో రెండు వందల యాభై మందిలో ఆఖరివాడిగా నిలిచాడు. శాస్త్రవేత్త కావాలన్న అతని ఆలోచన హాస్యాస్పదమనీ, అందుకోసం శ్రమపడడం అతనికీ బోధించేవారికీ కాలహరణమేననీ ఉపాధ్యాయుడు రిపోర్టులో రాశారు. అదే గర్డన్ తరువాత కప్పల కణకేంద్రకాల మీద చేసిన పరిశోధనకు 2012లో షిన్యా యమనాకాతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ రిపోర్టును చట్రం కట్టించి తన బల్ల దగ్గర ఉంచుకున్నారు. ఈ కథను చాలామంది ఉపాధ్యాయుడిని నిందించడానికి చెబుతారు. నాకు అందులో వేరొక సంగతి కనిపిస్తుంది. అతను చెప్పినట్టు వినడనీ, పనిని తనదైన పద్ధతిలోనే చేస్తానని పట్టుబడతాడనీ కూడా అదే రిపోర్టులో ఉంది. ఆ ఉపాధ్యాయుడు చూడవలసినదాన్ని చూశారు. చూసినంత వరకు రాసి ఊరుకుని, పిల్లవాడు రేపు ఏమవుతాడన్న జోలికి పోకుండా ఉంటే ఆ కాగితంలో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు.

ప్రశ్న: మంచి మార్కులు తెచ్చుకునే ఒక విద్యార్థికి పాఠం కంఠస్థమే తప్ప అర్థం కాలేదని నా అనుమానం. తల్లిదండ్రులు మార్కులు చూసి సంతోషంగా ఉన్నారు. కార్డులో రాయాలా?

జవాబు: రాయాలి, కాని అనుమానంగా రాయకూడదు. ముందు దాన్ని పరీక్షించి చూడండి. ఒక సెల్లు, ఒక బల్బు, రెండు అమీటర్లు తీసుకుని బల్బుకు ముందొకటి, తరువాత ఒకటి ఒకే శ్రేణిలో కలిపి, మీట నొక్కకముందే ఏ అమీటరు ఎక్కువ చూపిస్తుందో చెప్పమనండి. ఓం నియమాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లలలో కూడా చాలామంది బల్బు కొంత కరెంటును ‘వాడుకుంటుంది’ కాబట్టి రెండవది తక్కువ చూపిస్తుందంటారు. మీట నొక్కితే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. ఆ క్షణంలో ఆ విద్యార్థి ఏం చేస్తాడో గమనించండి. అమీటరు పాడైందంటాడా, రెండిటినీ తారుమారు చేసి చూస్తాడా, తన ఊహ మీదనే సందేహపడతాడా అన్నది మార్కుల కంటే ఎక్కువ చెబుతుంది. ఆ తరువాత రాయండి: ‘నిర్వచనాలు, సూత్రాలు నిర్దుష్టంగా తెలుసు. శ్రేణి వలయంలో కరెంటు ఎలా ఉంటుందో ముందుగా ఊహించమన్నప్పుడు పొరబడ్డాడు. ఇకపై ప్రతి ప్రయోగానికీ ముందు ఫలితాన్ని ఊహించి, కారణంతో సహా రాసుకుని, తరువాత ప్రయోగంతో పోల్చుకోవాలి.’ తల్లిదండ్రుల సంతోషాన్ని ఇది చెరపదు, కాని చదువులో మిగిలి ఉన్న పని ఏమిటో వారికి తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదవ తరగతి. కార్డులో ‘శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవాలి’ అని రాశారు. దాని అర్థమేమిటి? మేము ఏం చేయించాలి? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఆ వాక్యం మీకు అర్థం కాకపోవడంలో మీ తప్పేమీ లేదు. అంత పెద్ద మాటను రాసినవారు దాని వెనుక ఉన్న చిన్న సంఘటనను కూడా రాసి ఉండవలసింది. వారిని కలిసినప్పుడు ‘ఏ పాఠంలో, ఏ సందర్భంలో మీకలా అనిపించిందో చెప్పండి’ అని మర్యాదగా అడగండి. ఆ సందర్భం తెలిస్తే మీ అబ్బాయి ఏం చేయాలో మీకే అర్థమవుతుంది.

ఆ మాటకు అర్థం చెప్పమన్నారు కాబట్టి చెబుతాను. పదిహేడవ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన రెండు వందల పౌండ్ల ఎండిన మట్టిని తూచి కుండీలో పోసి, అందులో చిన్న విల్లో మొక్కను నాటి, ఐదేళ్ళ పాటు నీళ్ళు మాత్రమే పోశారు. చివర తూచి చూస్తే చెట్టు బరువు నూట అరవై నాలుగు పౌండ్లు పెరిగింది, మట్టి మాత్రం రెండు ఔన్సులే తగ్గింది. చెట్టు మట్టిని తిని పెరుగుతుందన్న నమ్మకాన్ని ఆయన తక్కెడతో కొట్టేశారు. అయితే అంత బరువూ నీటి నుంచే వచ్చిందన్న ఆయన నిర్ధారణ సరి కాదు. గాలిలోని కార్బన్ డై ఆక్సైడు పాత్ర తరువాతి వారు కనుక్కున్నారు. అయినా ఆయన తూచిన తీరును రాసి ఉంచారు కాబట్టే ఇతరులు దాన్ని సరిచేయగలిగారు. శాస్త్రీయ దృక్పథమంటే ఎప్పుడూ సరైన జవాబు చెప్పడం కాదు. జవాబు ఎలా వచ్చిందో ఎదుటివారు సరిచూసుకోవడానికి వీలుగా చెప్పగలగడం. ఇంట్లో మీ అబ్బాయి ఏదైనా గట్టిగా చెప్పినప్పుడు ‘అది నీకెలా తెలిసింది?’ అని అడగండి, అదే ప్రశ్న అతను మిమ్మల్ని అడిగినప్పుడు విసుక్కోకండి. ఇందుకోసం ప్రత్యేకంగా కొనవలసిన సామగ్రి ఏదీ లేదు.

ప్రశ్న: ముందే తయారు చేసి ఉంచిన వ్యాఖ్యల పట్టికలు, కంప్యూటరు రాసి ఇచ్చే వ్యాఖ్యలు వాడుకోవచ్చా?

జవాబు: వాక్యనిర్మాణానికి, అచ్చుతప్పులు దిద్దుకోవడానికి వాడుకోండి. చూసిన సంగతి మాత్రం మీ పుస్తకంలో నుంచే రావాలి. ఆ రోజు ప్రయోగశాలలో మీరున్నారు, అది లేదు.

ప్రశ్న: అమ్మాయిలకు, అబ్బాయిలకు మనకు తెలియకుండానే వేర్వేరుగా రాస్తామంటారు. నిజమేనా?

జవాబు: మీ కార్డులతోనే తేల్చుకోండి. రాయడం పూర్తయ్యాక అమ్మాయిల వ్యాఖ్యలను ఒక దొంతరగా, అబ్బాయిలవి ఒక దొంతరగా పెట్టి వరుసగా చదవండి. నేను మొదటిసారి అలా చదివినప్పుడు ఒక దొంతరలో ‘రికార్డు శుభ్రంగా ఉంది’, ‘అణకువగా ఉంటుంది’ అన్న మాటలు, రెండవ దొంతరలో ‘ప్రతిభ ఉంది, శ్రద్ధ పెడితే చాలు’ అన్న మాటలు పదే పదే కనిపించాయి. ఆ అమ్మాయిల రికార్డులలో శుభ్రతతో పాటు మంచి ప్రశ్నలు కూడా ఉన్నాయి, నేను వాటిని రాయలేదు. ఆ సంవత్సరం కార్డులు చాలా వరకు తిరిగి రాశాను.

ప్రశ్న: ఎంత శ్రమపడి రాసినా పిల్లలు మార్కు చూసి కార్డు మడిచేస్తున్నారు. వ్యాఖ్యను ఎవరూ చదవడం లేదు. మరి రాయడం ఎందుకు?

జవాబు: మీ బాధ నిజమైనదే. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో బడిపిల్లలను మూడు విధాలుగా చూసి పోల్చారు. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారు తరువాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవారిలో ఆ మేలు కనిపించలేదు. మార్కు పక్కన చేరగానే వ్యాఖ్య బలం తగ్గిపోయింది. వ్యాఖ్య ఏదైనా మేలే చేస్తుందని కూడా అనుకోవడానికి లేదు. క్లూగర్, డెనిసి అనే ఇద్దరు 1996లో అంతవరకు జరిగిన అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో అభిప్రాయం చెప్పిన తరువాత పని మెరుగుపడకపోగా దిగజారింది. చేసిన పని మీద నుంచి దృష్టి ‘నేను ఎటువంటివాడిని’ అన్నదాని మీదికి మళ్ళినకొద్దీ చెప్పిన మాట బలం తగ్గుతుందని వారు వివరించారు. పిల్లవాడి గురించి కాక పని గురించి రాయమని నేను ఇంతగా పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం.

కార్డు నమూనాను మీరు మార్చలేరు, మార్కు అందులో ఉండే తీరుతుంది. కాని కార్డు ఇచ్చే రోజు కంటే రెండు రోజుల ముందే వ్యాఖ్యను ఒక చిన్న చీటీ మీద రాసి పిల్లలకు ఇవ్వవచ్చు. ఒక పీరియడు దానికే కేటాయించి, చీటీలో చెప్పిన పనిని అక్కడికక్కడే మొదలుపెట్టించండి. ప్రమాణాలు రాయనివాడు పాత పట్టికలు తెరిచి ప్రమాణాలు వేస్తాడు, 9.5 వచ్చిన అమ్మాయి గోళం మధ్య వరకు మళ్ళీ కొలుస్తుంది. చీటీ వెనుక వైపు, చేసింది ఏమిటో ఒక వాక్యం వారి చేతనే రాయించండి. ఆ చీటీని ప్రయోగ రికార్డు మొదటి పేజీకి అతికించి ఉంచితే, వచ్చే టర్ములో మీ చిన్న పుస్తకంలో ఆ ఐదుగురి వంతు మళ్ళీ వచ్చినప్పుడు, ముందుగా అది తెరిచి చూసి మొదలుపెట్టవచ్చు.